తిరుపతిలో ఈజీఎఫ్ఆర్ జన్యుపరీక్ష చేయించాము: సేవ ఎలా ఉంది, నివేదిక ఎలా ఉంది

2024 ఆగస్టులో మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని నిర్ధారణ అయిన వారం రోజులకు, డాక్టరు రాసిచ్చిన ఈజీఎఫ్ఆర్ పరీక్షను (కణితిలో ఆ పేరుగల జన్యువు మారిందా, దాని మీద పనిచేసే మాత్రలు పనికివస్తాయా అని చూసేది) తిరుపతిలోనే ఒక కలెక్షన్ సెంటర్ ద్వారా చేయించాము. ఆ సేవ గురించిన సమీక్ష ఇది. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి. పైగా మా ఊళ్ళో నమూనా తీసుకుని వేరే నగరానికి పంపించే సెంటర్లు దాదాపు అన్నీ ఒకే తీరున నడుస్తాయి కనుక, ఏ గుమ్మం ఎక్కినా ఈ మాటలు పనికివస్తాయనే అనుకుంటున్నాను. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. డాక్టరును కాను. నివేదికలోని శాస్త్రం కొంత అర్థం చేసుకోగలిగానంటే పాఠం చెప్పే అలవాటు వల్లనే.

అమ్మకు అరవైమూడేళ్ళు. పాకాల వైపు పల్లెలో పుట్టి, పెళ్ళయిన ఇరవై ఏళ్ళ వరకు కట్టెల పొయ్యి మీదే వండిన మనిషి. పొగ తాగడం మాట అటుంచి, ఇంట్లో తాగేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఏటా అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు వెళ్ళే ఆమె, ఆ ఏడు గాలిగోపురం చేరకముందే రెండుసార్లు కూర్చుండిపోయింది. వయసు పైబడిందని మేమూ సరిపెట్టుకున్నాము. దగ్గు తగ్గకపోవడంతో ఎక్స్‌రే, తరువాత సీటీ స్కాన్, ఆ తరువాత సూదితో ముక్క తీసి పరీక్ష. అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అని వచ్చింది. పదేళ్ళ క్రితమైతే ఇక్కడి నుంచి నేరుగా వేలూరు బస్సో చెన్నై రైలో ఎక్కేవాళ్ళము. 2022లో అలిపిరి దగ్గర టాటా వారి క్యాన్సర్ ఆసుపత్రి తెరిచిన తరువాత, స్విమ్స్‌లోనూ వైద్యం అందుతున్నందున, ఊరు దాటవలసిన అవసరం చాలామందికి తగ్గింది. జన్యుపరీక్షల నమూనాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కొరియర్ పెట్టెలోనే ఊరు దాటుతున్నాయి.

సెంటర్ శుభ్రంగా ఉంది. కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్ళు, టోకెన్ పద్ధతి, అన్నీ ఉన్నాయి. కౌంటర్‌లోని కుర్రవాడు మర్యాదస్తుడే. డాక్టరు చీటీ చూసి ధర చెప్పాడు, రసీదు ఇచ్చాడు, అంతవరకు బాగానే ఉంది. నివేదికకు ఎన్ని రోజులు పడుతుందని అడిగితే, "ఏడు రోజులండీ, అయినా మీరు కంగారు పడకండి మేడమ్, మన ఆసియా వాళ్ళకు ఈ మాత్రలు బాగా పనిచేస్తాయి, కొంతమంది రిపోర్టు రాకముందే మొదలుపెట్టేస్తారు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు, అందులో సందేహం లేదు. కానీ ఈ సమీక్ష రాయాలని నాకు అనిపించింది ఆ ఒక్క మాటతోనే. అమ్ముతున్నదేమో పరీక్ష; చెబుతున్నదేమో ఆ పరీక్ష అవసరం లేదన్న మాట. పైగా అదే మాట, కొంచెం పెద్ద భాషలో, పదహారు రోజుల తరువాత వచ్చిన నివేదిక మూడో పుటలో కూడా కనిపించింది.

ఆ మాట పూర్తిగా గాలిమాట కాదు. గెఫిటినిబ్ అనే మాత్రకు 2002లో జపాన్‌లోను, 2003లో అమెరికాలోను అనుమతి వచ్చింది. మొదట్లో అది ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో ఎవరికీ అంతుబట్టలేదు. కొందరిలో కణితి కొద్ది వారాల్లోనే కరిగిపోయేది, ఎక్కువమందిలో కదిలేది కాదు. 2005లో వెలువడిన ఐసెల్ అనే పెద్ద ఔషధ పరీక్షలో, మొత్తం రోగులను కలిపి చూస్తే ఆ మాత్రకు, ఉత్తుత్తి మాత్రకు ఆయుర్దాయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అదే పరీక్షలో ఆసియా మూలాలవారిని విడదీసి చూస్తే మాత్రం మధ్యస్థ ఆయుర్దాయం (రోగుల్లో సగం మంది దాటిన కాలం) 5.5 నెలల నుంచి 9.5 నెలలకు పెరిగింది. పొగ తాగనివారిలోనూ మేలు కనిపించింది. "ఆసియా వాళ్ళకు పనిచేస్తుంది" అన్న నానుడికి ఊపిరి పోసింది ఇలాంటి ఫలితాలే.

అయితే దానికి అసలు కారణం అంతకు ముందే, 2004లో, అమెరికాలోని రెండు పరిశోధక బృందాలకు దొరికింది. మాత్రకు లొంగిన కణితుల్లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఒక మార్పు ఉంది. లొంగని కణితుల్లో ఆ మార్పు లేదు. ఆ బృందాలలో ఒకటి జపాన్ నుంచి తెచ్చిన 58 కణితుల్లో 15 చోట్ల ఆ మార్పును చూసింది, అమెరికావారి 61 కణితుల్లో ఒక్క చోటే చూసింది. అంటే మందు మనిషి ముఖం చూసి పనిచేయడం లేదు. ఆ మార్పు తూర్పు ఆసియావారి కణితుల్లో ఎక్కువగా ఉంటున్నందువల్ల అక్కడ ఎక్కువగా పనిచేస్తున్నట్టు కనిపిస్తోంది.

దీన్ని తిరుగులేకుండా తేల్చింది 2009లో అచ్చయిన ఐపాస్ పరీక్ష. హాంకాంగ్‌కు చెందిన టోనీ మోక్ నాయకత్వంలో 1,217 మందిపై జరిగింది. అందరూ ఆసియావారే, అందరివీ అడినోకార్సినోమాలే, దాదాపు అందరూ పొగ తాగనివారో ఎప్పుడో కొద్దిగా తాగి మానేసినవారో. మా అమ్మ వర్ణన కూడా అచ్చంగా అదే. వారిలో 437 మంది కణితులను పరిశీలిస్తే 261 మందిలో, అంటే 59.7 శాతం మందిలో, జన్యుమార్పు కనిపించింది. మార్పు ఉన్నవారిలో గెఫిటినిబ్ తీసుకున్న 71.2 శాతం మందికి కణితి కుదించుకుపోయింది. మార్పు లేనివారిలో అలా జరిగింది 1.1 శాతం మందికి. అంతటితో అయిపోలేదు. మార్పు లేకుండా ఈ మాత్ర వేసుకున్నవారికి, కీమో తీసుకున్నవారితో పోలిస్తే, వ్యాధి ముదిరే ప్రమాదం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. ఆసియావారు, పొగ తాగనివారు, అడినోకార్సినోమా, మూడు లక్షణాలూ కలిసివచ్చినా ప్రతి పదిమందిలో నలుగురికి మార్పు లేదు. రిపోర్టు రాకముందే మాత్ర మొదలుపెట్టే వారిలో ఆ నలుగురికి జరిగేది మేలు కాదు, విలువైన నెలల నష్టం.

మరొక సంగతి ఉంది. ఆ ఐపాస్ పరీక్ష జరిగిన దేశాల జాబితాలో చైనా, జపాన్, తైవాన్, థాయిలాండ్, ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్ ఉన్నాయి, భారతదేశం లేదు. ఆ "ఆసియా"లో మనం లేము. మనల్ని కూడా కలుపుకుని ఏడు ప్రాంతాల్లో జరిగిన పయొనీర్ అధ్యయనం 2014లో వెలువడింది. అందులో మొత్తం మీద 51.4 శాతం అడినోకార్సినోమాల్లో మార్పు కనిపించింది; వియత్నాంలో 64.2 శాతం, భారతదేశంలో 22.2 శాతం. పాశ్చాత్య దేశాల్లో సాధారణంగా చెప్పే 10 నుంచి 15 శాతం కంటే మనది ఎక్కువే, కానీ వియత్నాంకు ఆమడ దూరంలో ఉన్నాము. మా నివేదికలో అచ్చువేసిన వ్యాఖ్య "ఆసియా రోగులలో సుమారు సగం మందిలో ఈ మార్పు ఉంటుంది" అని చెబుతుంది. అబద్ధం కాదు. కానీ పాకాల నుంచి వచ్చిన మనిషి చేతిలో పెట్టే కాగితం మీద ఆ వాక్యం ఒక్కటే ఉండడం, కడప ఎండను ఊటీ ఎండతో కలిపి సగటు చెప్పినట్టుగా ఉంది.

అసలు ఈ ఈజీఎఫ్ఆర్ అంటే ఏమిటో నివేదికలో ఒక్క ముక్క కూడా లేదు కాబట్టి, సమీక్షలో భాగంగానే చెబుతాను. మన కణానికి చుట్టూ ఒక పలుచని కొవ్వు పొర ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ప్లాస్మా త్వచం అంటాము. ఆ పొరలో ఇమిడి ఉండే వేలాది ప్రొటీన్లలో ఈజీఎఫ్ఆర్ ఒకటి. 1,186 ఎమైనో ఆమ్లాల పొడవున్న ఈ ప్రొటీను పొరను ఒకే ఒక్కసారి దాటుతుంది. గడప మీద నిలబడిన మనిషిలాగా సగం బయట, సగం లోపల. బయటి సగం మామూలు వేళల్లో ముడుచుకుని ఉంటుంది. పెరుగుదలకు పిలుపునిచ్చే ఈజీఎఫ్ అనే చిన్న ప్రొటీను వచ్చి దాన్ని పట్టుకున్నప్పుడు, అది విప్పుకుని పక్కనున్న మరో ఈజీఎఫ్ఆర్‌తో జతకడుతుంది. (ఆ ఈజీఎఫ్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.) జతకట్టగానే లోపలి సగాల్లో ఒకటి రెండోదాన్ని మేల్కొలుపుతుంది, తోకల మీద ఫాస్ఫేట్ గుర్తులు పడతాయి, ఆ గుర్తులను చూసి లోపలి ప్రొటీన్లు ఒకదాని తరువాత ఒకటి "విభజన చెందు" అన్న కబురును కేంద్రకం దాకా మోసుకుపోతాయి. పని అయ్యాక కణం ఆ గ్రాహకాన్ని, అంటే ఈజీఎఫ్ఆర్‌ను, పొర నుంచి లోపలికి లాగేసుకుని చాలా మటుకు ముక్కలు చేసేస్తుంది. పిలవడం, పలకడం, ఆగిపోవడం, మూడూ సక్రమంగా జరిగితేనే ఆరోగ్యం.

జన్యుమార్పు వచ్చిన కణంలో చెడేది మూడోది. కాలింగ్ బెల్ స్విచ్ లోపలికి ఇరుక్కుపోయి ఎవరూ నొక్కకుండానే మోగుతున్నట్టు, బయట ఈజీఎఫ్ లేకపోయినా లోపలి సగం పనిచేస్తూనే ఉంటుంది. ఎక్కువగా కనిపించే మార్పులు రెండు. ఒకటి జన్యువులోని 19వ ఎక్సాన్‌లో (ప్రొటీనుకు రాత ఉన్న ఒక్కో జన్యుభాగాన్ని ఎక్సాన్ అంటాము) చిన్న ముక్క ఊడిపోవడం; అందులోనూ సాధారణమైన రకంలో 746 నుంచి 750 వరకు అయిదు ఎమైనో ఆమ్లాలు పోతాయి. రెండోది 858వ స్థానంలో లూసిన్ బదులు ఆర్జినిన్ వచ్చి కూర్చోవడం. ఈజీఎఫ్ఆర్ మార్పుల్లో అధికభాగం ఈ రెండే.

గెఫిటినిబ్ చేసే పనిని నేను తరగతిలో బస్సు సీటుతో చెబుతాను. ఆ లోపలి సగం పనిచేయాలంటే ఏటీపీ అనే అణువు వచ్చి ఒక గుంటలో కూర్చోవాలి. గెఫిటినిబ్ కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు ఆ గుంటను ముందుగా ఆక్రమిస్తుంది. మార్పు చెందిన ప్రొటీనులో ఆ గుంటకు ఏటీపీ మీద పట్టు తగ్గి ఉంటుంది, అందుకని తువ్వాలు నిలుస్తుంది. మార్పు లేని కణంలో ఏటీపీ తువ్వాలును అవతలికి తోసి కూర్చుంటుంది. పైగా ఆ కణితి పెరుగుదల ఈ ఒక్క ప్రొటీను మీదే ఆధారపడి ఉండదు. కొంతకాలానికి, మందుకు మొదట లొంగిన రోగుల్లోనూ సగానికి పైగా, 790వ స్థానంలో మరో మార్పు వచ్చి ఏటీపీకి పాత పట్టు తిరిగివస్తుంది. అప్పుడు తువ్వాలు చాలదు. 2015లో అనుమతి పొందిన ఓసిమెర్టినిబ్ ఆ గుంట అంచున 797వ స్థానంలోని సిస్టీన్‌కు తనను తాను ముడివేసుకుంటుంది. సీటుకు తాడుతో కట్టుకున్న ప్రయాణికుణ్ణి లేపడం ఏటీపీ వల్ల కాదు. ఇంత కథా ఒక కణపొర ప్రొటీను లోపలి మడతలో జరుగుతోంది. ఇందులో రోగి పాస్‌పోర్టు చూసే ఘట్టం ఎక్కడా లేదు.

ఇక సేవ విషయానికి వస్తాను. ఈ పరీక్షకు రక్తం కాదు, ముక్క కావాలి. ఆసుపత్రిలో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి బ్లాకుగా చేస్తారు. ఆ బ్లాకును ఆసుపత్రి పాథాలజీ విభాగం నుంచి మనమే అర్జీ పెట్టి తెచ్చుకోవాలి. సెంటర్ వాళ్ళు ఈ విషయం మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజు ఫోన్ చేసి "బ్లాకు తేలేదేమండీ" అన్నారు. సరే, తెచ్చి ఇచ్చాము. ఏడో రోజు దాటింది. పదో రోజు నేనే ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది, మొదట కోసిన పొరల్లో క్యాన్సర్ కణాలు పది శాతం కూడా లేవని, రెండో బ్లాకు కావాలని, ఆ సంగతి నాలుగు రోజుల క్రితమే వాళ్ళ కంప్యూటర్‌లో పడిందని. మా ఫోన్ నంబరు వాళ్ళ దగ్గరే ఉంది. ఎందుకు చెప్పలేదంటే "పై నుంచి మెసేజ్ వెళ్ళి ఉంటుందనుకున్నామండీ" అన్నారు. ఇంట్లో దగ్గుతూ కూర్చున్న మనిషికి నాలుగు రోజులంటే ఎంతో కౌంటర్ అవతలి నుంచి కనబడదేమో.

న్యాయంగా చెప్పాలంటే, ముక్క చాలదని ఆపడం ప్రయోగశాల తప్పు కాదు, అది వాళ్ళ మంచితనం. క్యాన్సర్ కణాలు తక్కువగా ఉన్న ముక్కలోంచి డీఎన్ఏ తీస్తే, ఆరోగ్యకరమైన కణాల డీఎన్ఏ మధ్యలో అసలు మార్పు కనబడకుండా పోవచ్చు. అప్పుడు "కనబడలేదు" అని రాసి పంపించడం ఎంతో సులువు, డబ్బు ఎలాగూ ముట్టింది. వాళ్ళు అలా చేయలేదు. రెండో బ్లాకులో 30 శాతం క్యాన్సర్ కణాలున్నాయని నివేదికలో స్పష్టంగా రాశారు. ఈ అంకె లేని నివేదిక చేతికొస్తే నమ్మవద్దని మా డాక్టరు తరువాత చెప్పారు. ఎముక నుంచి తీసిన ముక్కలైతే, మెత్తబడడానికి వాడే ఆమ్లం వల్ల డీఎన్ఏ పాడవుతుందని, అలాంటప్పుడు ముందుగానే ప్రయోగశాలకు చెప్పాలని కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

పదహారో రోజున నివేదిక వచ్చింది. నాలుగు పుటలు. మొదటి పుటలోనే ఫలితం పెద్ద అక్షరాల్లో ఉంది: 19వ ఎక్సాన్‌లో ముక్క ఊడిన మార్పు కనిపించింది. ఏ పద్ధతిలో చేశారు, ఏయే మార్పుల కోసం వెతికారు, ఎంత తక్కువ మోతాదు వరకు పట్టగలరు అన్నవి రెండో పుటలో వివరంగా ఉన్నాయి. ఇది నాకు బాగా నచ్చింది. ఎందుకంటే ఎంచుకున్న డీఎన్ఏ ముక్కలకు నకళ్ళు తీసే పీసీఆర్ పద్ధతిలో చేసే పరీక్ష, తన జాబితాలో ఉన్న మార్పులనే వెతుకుతుంది. జాబితాలో లేనిది ఉన్నా కనబడదు. అందుచేత "కనబడలేదు" అన్న మాటకు "లేదు" అని అర్థం కాదు. మా నివేదికలో ఈ హెచ్చరిక ఉంది, కానీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అలాగే 20వ ఎక్సాన్‌లో ముక్క అదనంగా చేరే రకం మార్పులకు గెఫిటినిబ్ సాధారణంగా పనిచేయదు. "ఈజీఎఫ్ఆర్ పాజిటివ్" అన్న రెండు మాటలు విని సంబరపడకుండా ఏ ఎక్సాన్ అని అడగాలి.

మొత్తం నివేదిక ఇంగ్లీషులోనే ఉంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిమే ఇన్ని కాగితాలు? నాకేమొచ్చిందో ఒక్క ముక్కలో రాయకూడదా వీళ్ళు?" అంది. రాయవచ్చు. ధరల పట్టికను, ఆరోగ్య ప్యాకేజీల ఫ్లెక్సీలను చక్కటి తెలుగులో అచ్చువేసుకున్న సంస్థకు, అరపుట తెలుగు సారాంశం ఇవ్వడం బరువైన పని కాదు.

ఈ సేవలో అన్నిటికంటే మంచి భాగం, నేను అసలు ఆశించనిది, నివేదికతోపాటు ఇచ్చిన ఫోన్ సలహా. మరుసటి రోజు సాయంత్రం వాళ్ళ నిపుణురాలు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు తెలుగులోనే మాట్లాడారు. ఈ మార్పు కణితిలో పుట్టినదే తప్ప వంశపారంపర్యంగా వచ్చినది సాధారణంగా కాదని, నాకు గాని, మా తమ్ముడి పిల్లలకు గాని దీని కోసం పరీక్ష అవసరం లేదని వివరించారు. ఈ భయం నాలో ఉందని నేను ఆమెకు చెప్పలేదు. ఆమే ముందుగా ఆ మాట ఎత్తారు. "ఆసియా" వాక్యం గురించి అడిగితే, అది అందరి నివేదికల్లోనూ వచ్చే ముద్ర వాక్యమని, భారతీయుల అంకె వేరని ఒప్పుకున్నారు. అమ్మ గ్యాస్ కోసం రోజూ వేసుకునే మాత్ర సంగతి కూడా ఆమే అడిగారు. కడుపులో ఆమ్లం తగ్గితే గెఫిటినిబ్ ఒంటికి సరిగా పట్టదని, ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పమని హెచ్చరించారు. ఇంత తెలిసిన మనిషి ఫోన్ అవతల ఉండగా, కౌంటర్‌లో మాత్రం ఆ కుర్రవాడికి రెండు వాక్యాలు నేర్పేవారు లేకపోవడం విచిత్రం.

డబ్బు సంగతి. మేము ఈజీఎఫ్ఆర్ ఒక్కదానికే సొంతంగా కట్టుకున్నాము, పదివేలకు కొంచెం లోపు. ఏఎల్‌కే అనే మరో జన్యువు పరీక్ష ఆసుపత్రిలోనే జరిగింది. రెండో బ్లాకుకు అదనంగా అడగలేదు. కానీ ఆలస్యమైనప్పుడు, "రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ అయితే త్వరగా వస్తుంది" అంటూ దానికి మూడింతల ధర చెప్పారు. ముక్క తీయడం కుదరని రోగులకు అది నిజంగా వరమే. కణితి నుంచి రక్తంలోకి రాలిన డీఎన్ఏను అందులో వెతుకుతారు. కానీ అందరి కణితులూ పరీక్షకు చాలినంత రాల్చవు, కాబట్టి రక్తంలో కనబడకపోతే మళ్ళీ ముక్క దగ్గరకే రావాలి. రెండో బ్లాకు ఆసుపత్రి అరలో సిద్ధంగా ఉండగా దాన్ని అమ్మజూపడం నాకు నచ్చలేదు.

ఈ నివేదిక ఆధారంగా జరిగిన వైద్యం గురించి క్లుప్తంగా చెబుతాను, పరీక్ష విలువ తేలేది అక్కడే కాబట్టి. డాక్టరు మా ముందు రెండు దారులు పెట్టారు. మొదటిది ఓసిమెర్టినిబ్ మాత్ర ఒక్కటే. 556 మందిపై జరిగిన ఫ్లారా పరీక్షలో అది వ్యాధిని మధ్యస్థంగా 18.9 నెలలు అదుపులో ఉంచింది, గెఫిటినిబ్ వంటి పాత మాత్రలు 10.2 నెలలు. ఆయుర్దాయం 31.8 నెలల నుంచి 38.6 నెలలకు పెరిగింది. ఇక్కడ కూడా ఆసియా ప్రస్తావన వచ్చింది, ఈసారి తిరగబడి. వ్యాధిని అదుపులో ఉంచే కాలం ఆసియావారిలోనూ పెరిగింది కాని, మొత్తం ఆయుర్దాయంలో మాత్రం వారికి పాత మాత్రలకూ కొత్త మాత్రకూ తేడా కనిపించలేదు. లాభమంతా ఆసియాయేతరుల్లో కనిపించింది. ఇలా ఒక పరీక్షను తరువాత ముక్కలుగా విడగొట్టి చూసే లెక్కలకు అంత బరువు మోపకూడదని డాక్టరు అన్నారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ కౌంటర్ దగ్గర విన్న "ఆసియా వాళ్ళకు" అన్న మాట ఎంత జారుడు మెట్టో ఆ రోజు బాగా అర్థమైంది. ఒకే ప్రొటీను మీద పనిచేసే రెండు మందులు, ఒకే ఖండం పేరు, రెండు ఎదురెదురు కథలు.

రెండో దారి ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు మన దేశపు రోగుల మీదే చేసిన పరీక్ష నుంచి వచ్చింది. 350 మందిలో సగం మందికి గెఫిటినిబ్ ఒక్కటే, సగం మందికి గెఫిటినిబ్‌తోపాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమో ఇచ్చారు. వ్యాధి అదుపులో ఉన్న మధ్యస్థ కాలం 8 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా సుమారు 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి. 2024 జూలై బడ్జెట్‌లో ఓసిమెర్టినిబ్ మీద దిగుమతి సుంకం ఎత్తివేశారు, అయినా నెలనెలా అంత పెట్టుకోవడం మా వల్ల కాదు. గెఫిటినిబ్‌ను హైదరాబాదు నాట్కోతో సహా మన దేశపు కంపెనీలే తయారుచేస్తాయి. మేము రెండో దారి ఎంచుకున్నాము.

మూడో వారంలో అమ్మ ముఖం మీద, వీపు మీద మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయి. అమ్మవారు పోసిందేమోనని మా మేనత్త వేపాకు తెచ్చింది. చర్మకణాల పొరలోనూ ఈజీఎఫ్ఆర్ ఉంటుంది, మందు దాన్ని కూడా అణచివేస్తుంది, పొక్కులు అందువల్లనే. ఈ సంగతి ఫోన్‌లో మాట్లాడిన నిపుణురాలు ముందే చెప్పి ఉండడంతో మేము కంగారుపడలేదు. లేపనం, కొన్నాళ్ళు మాత్రలు సరిపోయాయి. వేపాకు మాత్రం గుమ్మానికి కట్టనిచ్చాను. నాలుగు విడతల కీమో నీరసం తెచ్చింది, విరేచనాలు కొన్నాళ్ళు ఇబ్బందిపెట్టాయి. మూడో నెల స్కాన్‌లో కణితి సగానికి తగ్గింది. ఇది రాస్తున్న నాటికి పద్నాలుగు నెలలు గడిచాయి, అమ్మ గెఫిటినిబ్, పెమెట్రెక్సెడ్ కొనసాగిస్తోంది. మెట్లెక్కి కాదు గాని, బస్సులో కొండకు వెళ్ళివచ్చింది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. ప్రయోగశాల పనికి, ఫోన్ సలహాకు పూర్తి మార్కులు. కలెక్షన్ సెంటర్‌కు రెండు కూడా ఎక్కువే. మీరు వెళ్ళదలచుకుంటే బ్లాకు వెంట తీసుకువెళ్ళండి, అందులో క్యాన్సర్ కణాల శాతం ఎంతో ఆసుపత్రి పాథాలజీలోనే రాయించుకోండి, అయిదో రోజున మీరే ఫోన్ చేయండి. "ఆసియా వాళ్ళకు" అని ఎవరైనా మొదలుపెడితే, వినయంగా నివేదిక ఎప్పుడు వస్తుందని మాత్రమే అడగండి. బ్లాకులు రెండూ తిరిగి ఇవ్వమని రాసి సంతకం తీసుకోవడం మరవద్దు; మందు పట్టు తప్పిన రోజున పాత ముక్కతో పోల్చి చూడవలసి రావచ్చు. మా బ్లాకులు అయిదు వారాలకు, మూడు ఫోన్లకు తిరిగి వచ్చాయి. ఒకదాని మీద పేరు తప్పు రాసి ఉంటే అక్కడే దిద్దించి తెచ్చుకున్నాను.